సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఇంజిన్ ముందే పోతే: రీబిల్డ్, వాడిన ఇంజిన్, ఎక్స్‌చేంజ్ ఇంజిన్, అమ్మకం... ఏది ఎప్పుడు?

ఇంజిన్ పోయిందని తెలిసిన రోజే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. ఒకరు విప్పి బాగు చేయించమంటారు, ఒకరు వాడిన ఇంజిన్ తెచ్చి వేయించమంటారు, ఒకరు పాతది ఇచ్చి, ముందే తయారు చేసి ఉంచిన ఎక్స్‌చేంజ్ ఇంజిన్ తెచ్చుకోవడమే మేలంటారు, ఇంకొకరు వచ్చినంతకు అమ్మేసి వదిలించుకోమంటారు. మనం వెంటనే చేసే పని ఆ నాలుగింటి ఖర్చూ పక్కపక్కన రాసుకోవడం. లెక్క తప్పేది అక్కడే. ఒకే మోడల్, ఒకే మైలేజీ, ఒకే రకం చప్పుడు ఉన్న రెండు కార్లలో ఒకదానికి వాడిన ఇంజిన్ సరిగ్గా సరిపోతుంది, రెండో దానికి అదే మళ్లీ నష్టం తెస్తుంది. మొదటి ఇంజిన్ ఎందుకు పోయిందో తేలకపోతే, ఆ కారణం అలాగే ఉండి కొత్తగా వేసిన దాన్నీ తినేస్తుంది. అందుకే ఇక్కడ ఖర్చు కన్నా ముందు కారణం గురించి మాట్లాడతాను.

ముందు స్టార్ట్ చేయడం మానండి

చప్పుడు వచ్చిందనో, ఆయిల్ లైట్ వెలిగిందనో బండి పక్కకు ఆపాక, ఇంకోసారి స్టార్ట్ చేసి విందామని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. చూడటానికి వచ్చిన మెకానిక్ కూడా అదే అడుగుతాడు. ఒప్పుకోకండి. బేరింగ్ అరగడం మొదలైతే ఆ లోహపు పొడి ఆయిల్‌తో పాటు ఇంజిన్ అంతా తిరుగుతుంది. క్రాంక్‌ని (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసుని) గీస్తుంది, ఆయిల్ కూలర్‌లో పేరుకుంటుంది, టర్బో ఉంటే దాని షాఫ్ట్ దాకా పోతుంది. ఆపిన చోటే ఉంచితే బేరింగులతో పోయే పని, మెల్లగా ఇంటిదాకా నడుపుకుందాం అనుకుంటే రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) విరిగి బ్లాక్‌కి, అంటే ఇంజిన్ దిమ్మకే, చిల్లు పడేదాకా వెళ్తుంది. ఎంత దూరమైనా టో చేయించండి.

వారంటీ ఉంటే ఏదీ విప్పకముందే, కింద చెప్పినట్టు, ముందు ఫోన్ చేయండి. లేకపోతే తర్వాత చూడాల్సింది ఆయిల్ ఫిల్టర్. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఖర్చు తక్కువ, చెప్పే విషయం ఎక్కువ. ఆయిల్‌ని శుభ్రమైన పళ్లెంలోకి దించమనండి, ఫిల్టర్ పారేయొద్దని ముందే చెప్పండి. రేకు డబ్బా ఫిల్టరైతే దాన్ని ఫిల్టర్ కట్టర్‌తోనే కోయాలి. రంపంతో కోస్తే రంపపు పొడే లోపల పడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మడతల కాగితాన్ని బయటికి తీసి, వైస్‌లో బిగించి ఆయిల్ పిండేసి, తెల్ల కాగితం మీద పరిచి మంచి వెలుతురులో ఒక్కో మడతా విప్పి చూడాలి. మెరిసే రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే అది ఉక్కు: బాల్ బేరింగ్, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్), చైన్, క్రాంక్ లాంటివి. అంటుకోకుండా బూడిద రంగులోనో రాగి రంగులోనో ఉంటే రాడ్ బేరింగు, మెయిన్ బేరింగుల మీద అనుమానం. అంటుకోకుండా వెండిలా మెరిస్తే పిస్టన్ కావచ్చు. నల్లటి, గోధుమ రంగు ప్లాస్టిక్ తునకలైతే టైమింగ్ చైన్ గైడులు విరుగుతున్నాయి. కొంచెం ఆయిల్‌ని సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే ఇదే విషయం అంకెల్లో వస్తుంది. సీసం, రాగి పెరిగితే బేరింగులు, ఇనుము పెరిగితే సిలిండర్ గోడలు గానీ క్రాంక్ గానీ, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోయిందేమో, సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలిసిందేమో చూడాలి.

ఫిల్టర్ శుభ్రంగా ఉంటేనే కంప్రెషన్ టెస్టుకు (సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తుందో చూసే పరీక్షకు) వెళ్లండి, ఎందుకంటే దానికి ఇంజిన్ తిప్పాలి. కంప్రెషన్ కన్నా లీక్‌డౌన్ టెస్ట్ ఎక్కువ చెబుతుంది. పిస్టన్‌ని పైకి తెచ్చి సిలిండర్‌లోకి గాలి పట్టించి, ఎంత శాతం కారిపోతోందో, ఎటువైపు కారుతోందో చూస్తారు. త్రాటిల్ దగ్గర బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత తీసినప్పుడు వినిపిస్తే పిస్టన్ రింగులు లేదా బోర్ (సిలిండర్ లోపలి గోడ), రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ (బ్లాక్ మీద మూతలా కూర్చునే హెడ్ కింది అతుకు). 10 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 20 దాటితే ఆ సిలిండర్‌కి పని తప్పదు. ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) పంపితే గోడ మీద నిలువు గీతలు కంటికే కనిపిస్తాయి.

మాజ్డా ఆర్‌ఎక్స్-8లో లాగా పిస్టన్లకు బదులు త్రికోణపు రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ అయితే మామూలు కంప్రెషన్ గేజ్ పనికిరాదు. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలుంటాయి, మామూలు గేజ్ వాటిలో బాగున్న ముఖం అంకెనే చూపించి ఊరుకుంటుంది. మూడింటినీ విడివిడిగా చూపించే రోటరీ టెస్టర్ కావాలి. 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకు 6.9 కిలోల కన్నా తగ్గితే ఆ ఇంజిన్ పని అయిపోయినట్టే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతూ, వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్టవడానికి మొండికేసే ఆర్‌ఎక్స్-8లో చాలాసార్లు రోటర్ సీల్సే అరిగి ఉంటాయి.

పోవడంలో మూడు రకాలు

మొదటిది డిజైన్‌లోనే ఉన్న బలహీనత. పోర్షె బాక్‌స్టర్, 911ల్లో 1997 నుంచి 2008 మోడళ్ల దాకా వచ్చిన ఎం96, ఎం97 ఇంజిన్లు అందరికీ తెలిసిన ఉదాహరణ. క్యామ్ చైన్లను తిప్పే ఇంటర్మీడియెట్ షాఫ్ట్ ఒక చివర సీల్ చేసిన బాల్ బేరింగ్ మీద ఆధారపడి తిరుగుతుంది. ఆ సీల్ పోయి లోపలి గ్రీజు కడుక్కుపోతే బేరింగ్ అరుగుతుంది. అది పూర్తిగా విరిగితే టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) తప్పి వాల్వులు పిస్టన్లను గుద్దుకుంటాయి. అవే ఇంజిన్లలో బోర్ గీతలు పడటం ఇంకో జబ్బు. ఒకవైపు సైలెన్సర్ గొట్టం మాత్రమే నల్లగా మసిబారడం, ఆయిల్ తాగడం, వేడెక్కాక టకటక చప్పుడు దానికి గుర్తులు. బీఎండబ్ల్యూలో 2007 నుంచి 2013 దాకా వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఎం3, అంతకుముందు వీ10 (పది సిలిండర్ల) ఎం5 రాడ్ బేరింగులకు పేరుబడ్డాయి. కార్వెట్ జెడ్06లో 2006 నుంచి 2013 దాకా ఉన్న 7 లీటర్ల ఎల్‌ఎస్7 ఇంజిన్‌కి వాల్వ్ గైడులు అరగడం, సుబారు ఎస్‌టీఐ 2.5 లీటర్ల టర్బోకి పిస్టన్ రింగుల మధ్య గోడ చిట్లడం అలాంటివే.

రెండోది సంరక్షణ లోపం. ఆయిల్ మార్చకుండా లాగడం, ఆయిల్ తాగే ఇంజిన్‌లో లెవెల్ చూడకపోవడం, చల్లగా ఉన్నప్పుడే ఎర్ర గీత దాకా రేస్ చేయడం. సెకండ్‌హ్యాండ్ కారులో ఇది ముందు యజమాని ఖాతాలోది, కానీ మన చేతిలో పేలుతుంది.

మూడోది ప్రమాదంలాంటి సంఘటన. గొట్టం పగిలి ఓవర్‌హీట్ కావడం, తప్పుడు ట్యూన్ వల్ల నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్ కరగడం, నాలుగో గేరు అనుకుని రెండో గేరు వేసేయడం. ఆ చివరి దాన్ని రెవ్ లిమిటర్ (ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా పెట్రోలు ఆపే ఏర్పాటు) కూడా ఆపలేదు, ఎందుకంటే అప్పుడు ఇంజిన్‌ని తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు. 9,000 ఆర్‌పీఎం దాకా తిరగగలిగే హోండా ఎస్2000 కూడా ఇలాంటి ఒక్క షిఫ్టుతో వాల్వులు వంగి పోవచ్చు.

ఈ మూడింటిలో మీది ఏదో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. డిజైన్ లోపంతో పోయిన ఇంజిన్ స్థానంలో అదే రకం వాడిన ఇంజిన్ వేస్తే అదే లోపాన్ని మళ్లీ కొన్నట్టు. సంఘటన వల్ల పోయిన ఇంజిన్‌కి మాత్రం వాడినది చక్కగా సరిపోతుంది.

విప్పే ముందు ఒక ఫోన్

ఇంజిన్ విప్పకముందే వారంటీ సంగతి చూసుకోండి. కారు అమ్మిన డీలర్ వారంటీ, విడిగా కొనుక్కున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ, తయారీదారు రీకాల్ మూడూ వేర్వేరు. ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో ఎవరైనా చూడొచ్చు. ఉదాహరణకు 2013 మోడల్ సుబారు బీఆర్‌జెడ్‌ని, దాని జంట టొయోటా కారుని వాల్వ్ స్ప్రింగుల కోసం 2018 చివర్లో వెనక్కి పిలిచారు. అమెరికాలో తొలి ఆర్‌ఎక్స్-8ల ఇంజిన్ వారంటీని మాజ్డా 8 ఏళ్లకు, లక్ష మైళ్లకు పొడిగించింది. ఇప్పుడు ఆ గడువు అయిపోయింది గానీ, అప్పట్లో వారంటీ కింద ఇంజిన్ మారిందా లేదా అన్నది కారు చరిత్రలో ఉంటుంది, అది కనుక్కోవడం ముఖ్యం.

ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే వాళ్ల అనుమతి రాకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. తమ మనిషి చూడకముందే విప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరిస్తారు. వాళ్లు అడిగేది ఆయిల్ మార్పిడి రసీదులు. మీ దగ్గర ఉన్నవి, ముందు యజమాని ఇచ్చినవి తేదీల వరుసలో సిద్ధం చేసుకోండి. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ యాంత్రిక లోపానికి డబ్బు ఇవ్వదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. విప్పేటప్పుడు ప్రతి దశలో ఫొటోలు తీయించి, పాడైన భాగాలు మీకే ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

దారి ఒకటి: పోయిన దాన్ని మాత్రమే బాగు చేయడం

అన్నిటికన్నా చవక, కానీ షరతులు గట్టివి. లోపం హెడ్‌లోనే ఉండి కిందికి లోహం పోకపోతే, లేదా బేరింగులు అరిగినా క్రాంక్ మీద గీత పడకముందే దొరికిపోతే ఇది సరైన దారి. వీ8 ఎం3లో రాడ్ బేరింగులను ఇంజిన్ దించకుండానే సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింది చట్రం), ఆయిల్ పాన్ (ఆయిల్ నిలిచే తొట్టి) తీసి కింద నుంచి మార్చవచ్చు. ఆ పాత షెల్స్ (బేరింగు అర చుట్టు రేకులు) చేతిలోకి తీసుకుని చూడండి. ఉక్కు వెనుక భాగం, దాని మీద రాగి మిశ్రమం, పైన వెంట్రుక కన్నా పలుచని బూడిద రంగు పూత ఉంటాయి. పూత సమానంగా మాసిపోయి ఉంటే మంచి సమయానికి మార్చారు. మధ్యలో రాగి బయటపడితే ఆలస్యమైంది గానీ ఇంకా దక్కుతుంది, క్రాంక్ కొలవాలి. షెల్ తిరిగిపోయి, అంచులు నలిగి, నల్లగా కాలి ఉంటే ఈ దారి మూసుకున్నట్టే. ఆ స్థితిలో కూడా క్రాంక్‌ని గుడ్డతో రుద్ది కొత్త షెల్స్ వేసి అమ్మేసేవాళ్లున్నారు, ఆ పని చేయించకండి. కొన్నవాళ్ల ప్రాణం మీదికి తెచ్చే పని అది.

దారి రెండు: ఉన్న ఇంజిన్‌నే పూర్తిగా రీబిల్డ్

నాకు మనసు మొగ్గేది ఇటే, ముఖ్యంగా కారుని చాలా ఏళ్లు ఉంచుకునేవాళ్లకు. కారణం ఒక్కటే: బలహీనమైన భాగాన్ని మార్చి మెరుగైనది వేసే అవకాశం ఇందులోనే ఉంది. ఎం96 ఇంజిన్ ఎలాగూ విప్పారు కాబట్టి ఇంటర్మీడియెట్ షాఫ్ట్ బేరింగ్ మారుతుంది. 2006 తర్వాతి పెద్ద బేరింగ్ అయితే క్రాంక్ కేస్ విడదీయకుండా బయటికి రాదు, అలాంటిదానికి రీబిల్డే సరైన సమయం. సుబారులో ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తి గట్టిగా చేసిన) పిస్టన్లు వేయించుకోవచ్చు. ఎల్‌ఎస్7లో గైడులు మార్చి హెడ్ సరిచేయించవచ్చు. పైగా ఇంజిన్ నంబరు మారదు. అరుదైన మోడళ్లలో అసలు ఇంజిన్ ఉన్న కారుకి అమ్మేటప్పుడు వచ్చే ధరే వేరు.

కష్టం ఎక్కడంటే, రీబిల్డ్ అనే మాటకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. కొందరికి రింగులు, బేరింగులు, గాస్కెట్లు మార్చడమే రీబిల్డ్. మీరు కోట్ అడిగేటప్పుడు ఏం కొలుస్తారో అడగండి. క్రాంక్ జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే క్రాంక్ భాగాలు) మైక్రోమీటర్‌తో కొలుస్తారా? పగుళ్ల పరీక్ష చేయిస్తారా? రాడ్ల పెద్ద రంధ్రం గుండ్రంగా ఉందో లేదో చూస్తారా? బోర్‌ని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలుస్తారా? హెడ్ సమతలం చూస్తారా? బేరింగుకి, జర్నల్‌కి మధ్య ఎంత సందు పెడతారు? జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి 0.05 మిల్లీమీటర్లు అన్నది పాతకాలం నుంచి వస్తున్న లెక్క. ఇంజిన్‌ని బట్టి ఇది మారుతుంది, కానీ ఈ ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పలేని చోట ఇంజిన్ ఇవ్వకండి. పని అయ్యాక ఆ కొలతలన్నీ రాసిన కాగితం ఇస్తామని ముందే ఒప్పుకోవాలి.

బోర్ సంగతి విడిగా అడగాలి. ఇనుప లైనర్లున్న బ్లాక్‌ని ఏ మంచి మెషిన్ షాపైనా బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తుంది. చాలా స్పోర్ట్స్ కార్లలో అల్యూమినియం బ్లాక్‌కే నికాసిల్, అల్యూసిల్, లోకాసిల్ లాంటి పూతలు గానీ మిశ్రమాలు గానీ ఉంటాయి. వీటి మీద మామూలు హోనింగ్ రాయి (గోడని రుద్ది సరిచేసే రాయి) పెడితే గోడ పాడైపోతుంది. నికాసిల్‌కి మళ్లీ పూత వేయించాలి, అల్యూసిల్‌కి సిలికాన్ కణాలు పైకి తేలే ప్రత్యేక ఫినిషింగ్ కావాలి, లేదంటే కొత్త స్లీవులు (సిలిండర్ లోపలి గొట్టాలు) దించాలి. మీ ఇంజిన్ రకంలో అంతకుముందు పనిచేసిన షాపు దూరమైనా సరే అక్కడికే పంపండి. దగ్గరలో ఉందని మామూలు లేత్ షాపుకి ఇవ్వకండి.

ఇంకొకటి, అన్నిటికన్నా ఎక్కువగా మర్చిపోయేది: ఆయిల్ వెళ్లిన ప్రతి చోటికీ లోహం వెళ్లింది. ఆయిల్ కూలర్ సన్నటి దారుల్లో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు. ఇంజిన్ కొత్తగా చేయించి పాత కూలర్ బిగిస్తే, వేడెక్కినప్పుడు ఆ పొడి వదులై నేరుగా కొత్త బేరింగుల్లోకి దిగుతుంది. కూలర్ కొత్తది వేయించండి, పైపులు, ఆయిల్ పంపు, వేరియబుల్ టైమింగ్ సోలెనాయిడ్లు, టర్బో ఉంటే టర్బో చూపించండి. వాడిన ఇంజిన్ వేసినా, ఎక్స్‌చేంజ్ వేసినా ఇదే మాట. ఎక్స్‌చేంజ్ ఇంజిన్లు అమ్మేవాళ్లు కూలర్ మార్చిన రసీదు లేకపోతే వారంటీ చెల్లదనడం ఊరికే కాదు.

ఖర్చు అంచనా ఎంత చెప్పినా, దాని మీద కనీసం నాలుగో వంతు పక్కన పెట్టుకోండి. విప్పితే గానీ తెలియని సంగతులుంటాయి. సమయం వారాల్లో చెబుతారు, నెలలు పట్టేందుకు సిద్ధపడండి. విప్పాం కదా అని శక్తి పెంచే పనులు మొదలుపెట్టకండి. క్లచ్, వెనుక సీల్, వాటర్ పంపు, థర్మోస్టాట్ మార్చుకోవడం తెలివైన పని, ఎందుకంటే తర్వాత వాటి కోసమే మళ్లీ అంత కూలీ ఇవ్వాలి. పెద్ద క్యామ్‌లు, ఎక్కువ బూస్ట్ వేరే ప్రాజెక్టు.

దారి మూడు: వాడిన ఇంజిన్

త్వరగా అవుతుంది, మొదటి బిల్లు తక్కువ. సంఘటన వల్ల పోయిన ఇంజిన్‌కి, కారుని రెండు మూడేళ్లకు మించి ఉంచుకోనివాళ్లకు ఇది బాగుంటుంది. కానీ మీరు కొంటున్నది కూడా ఒక సెకండ్‌హ్యాండ్ ఇంజినే, అది కూడా కారు లేకుండా. ఏ కారులోంచి తీశారో ఛాసిస్ నంబరు అడగండి, దానితో సర్వీసు చరిత్ర వెతకండి. వెనుక నుంచి గుద్దిన ప్రమాదంలో కారు పోతే ఇంజిన్ బాగుండే అవకాశం ఎక్కువ. నీళ్లలో మునిగిన కారుదైతే ముట్టుకోవద్దు. తీయకముందు చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన వీడియో, సిలిండర్ల వారీగా లీక్‌డౌన్ అంకెలు ఇవ్వగలిగే అమ్మకందారుకి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. పోర్షె అయితే ఆ కారు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రిపోర్టు కూడా అడగండి. ఇంజిన్ ఎన్నిసార్లు పరిమితి దాటి తిరిగిందో, ఎన్ని గంటలప్పుడు తిరిగిందో అందులో నమోదవుతుంది.

ఈ దారిలో దెబ్బ తగిలేది వారంటీ మాటల్లో. ఇంజిన్ బాగోలేకపోతే ఇంకో ఇంజిన్ ఇస్తామంటారు, దించి ఎక్కించే కూలీ మాత్రం ఇవ్వరు. మిడ్ ఇంజిన్ (సీట్ల వెనుక ఇంజిన్ ఉండే) కారులో ఆ కూలీయే పెద్ద మొత్తం. అందుకని వేసే ముందే స్టాండ్ మీద ఉండగా ఆయిల్ పాన్ తీయించి, ఒకటి రెండు రాడ్ బేరింగులు చూపించుకోండి. ఆ ఇంజిన్‌కి పేరుబడ్డ బలహీనత ఉంటే ఆ భాగం అప్పుడే మార్చేయండి. వీ8 ఎం3కి వాడిన ఇంజిన్ తెచ్చి కొత్త రాడ్ బేరింగులు వేయకుండా ఎక్కించడం నా దృష్టిలో డబ్బు పారేయడమే. ఒకే మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి సెన్సర్లు, వైరింగ్ మారతాయి, మీ ఈసీయూకి సరిపోతుందో ముందే కనుక్కోండి.

దారి నాలుగు: ఎక్స్‌చేంజ్ లేదా రీమ్యాన్యుఫ్యాక్చర్డ్ ఇంజిన్

కంపెనీ గానీ, ఆ ఇంజిన్లనే చేసే నిపుణుల షాపు గానీ ముందే తయారు చేసి ఉంచిన ఇంజిన్ ఇస్తుంది, మీ పాతది తీసుకుంటుంది. ఖర్చు సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువ, టెన్షన్ అన్నిటికన్నా తక్కువ. బ్లాక్‌కి చిల్లు పడి మీ ఇంజిన్ రీబిల్డ్‌కి పనికిరాని స్థితిలో ఉంటే దీని వైపు చూడాలి. కానీ అప్పుడే ఒక చిక్కు వస్తుంది: పాత ఇంజిన్ తిరిగి ఇస్తే వెనక్కిచ్చే డిపాజిట్, బ్లాక్ పగిలితే ఇవ్వకపోవచ్చు. మీ ఇంజిన్ ఫొటోలు పంపి ఈ మాట ముందే తేల్చుకోండి.

షార్ట్ బ్లాక్ అంటే బ్లాక్, క్రాంక్, రాడ్లు, పిస్టన్లు మాత్రమే. లాంగ్ బ్లాక్‌లో హెడ్‌లు కూడా వస్తాయి. హెడ్‌లు బాగున్న సుబారులో షార్ట్ బ్లాక్ చాలు. వాల్వులు గుద్దుకున్న ఇంజిన్‌కి షార్ట్ బ్లాక్ తెచ్చి, వంగిన వాల్వులున్న పాత హెడ్‌లు బిగిస్తే ఖర్చంతా వృథా. కొనేముందు ఆ ఇంజిన్ అసలు బలహీనతకి వాళ్లు ఏం మార్పు చేశారో అడగండి. కంపెనీ ఇంజినైనా సరే, పాత డిజైన్‌తోనే వస్తే అది శుభ్రంగా తుడిచి ఇచ్చిన పాత సమస్యే.

వేరే కంపెనీ ఇంజిన్ దించే స్వాప్ గురించి రెండు మాటలే. ఆర్‌ఎక్స్-8లో వీ8 వేసినవాళ్లున్నారు, బాగా నడిచేవీ ఉన్నాయి. కానీ అది రిపేరు కాదు, కొత్తగా బండి కట్టడం. వైరింగ్, కూలింగ్, గేర్‌బాక్స్, కాలుష్య నిబంధనలు, రిజిస్ట్రేషన్ అన్నీ మీ మెడకి చుట్టుకుంటాయి. రోజూ వాడే కారు త్వరగా రోడ్డెక్కాలనుకునేవాళ్లకి ఇది కాదు.

దారి ఐదు: ఉన్నదున్నట్టు అమ్మడం

దీన్ని ఓటమిగా చూడకండి. లెక్క ఇలా వేయండి: మంచి ఇంజిన్‌తో ఇదే మోడల్, ఇదే స్థితిలో ఇవాళ ఎంతకి అమ్ముడవుతుంది? అందులోంచి రిపేరు ఖర్చు, పైన చెప్పిన నాలుగో వంతు తీసేయండి. మిగిలింది, ఇంజిన్ పోయిన కారుకి ఇప్పుడు వచ్చే ధర కన్నా తక్కువైతే, డబ్బు లెక్కలో అమ్మడమే మేలు. మీరు కారు ఎంతకి కొన్నారు, దాని మీద ఇప్పటిదాకా ఎంత పెట్టారు అన్నవి ఈ లెక్కలోకి రాకూడదు. అవి ఎలాగూ తిరిగి రావు. చాలామంది అక్కడే ఇరుక్కుని, ఇన్ని డబ్బులు పెట్టాం కదా అని ఇంకా పెడతారు.

అమ్మేటప్పుడు కారణం తేలిన కారుకి, తేలని కారుకన్నా ఎక్కువ వస్తుంది. కోసిన ఫిల్టర్ ఫొటోలు, లీక్‌డౌన్ అంకెలు చూపిస్తే కొనే మెకానిక్‌కి ధైర్యం వస్తుంది. లోపం దాచి అమ్మడం చట్టపరంగానూ చిక్కే, అది చేయకండి. భాగాలుగా విప్పి అమ్మితే సీట్లు, చక్రాలు, గేర్‌బాక్స్, బ్రేకులు, తలుపులు కలిపి మొత్తం ఎక్కువే రావచ్చు. కానీ స్థలం కావాలి, నెలల తరబడి ఓపిక కావాలి, చివరికి మిగిలిన బాడీని చట్టప్రకారం స్క్రాప్ చేయించాలి.

నేనైతే

ఇంటర్మీడియెట్ షాఫ్ట్ బేరింగ్ విరిగి వాల్వులు గుద్దుకున్న తొలి బాక్‌స్టర్ అయితే, కారు ధర తక్కువ కాబట్టి చాలాసార్లు రీబిల్డ్ లెక్క కుదరదు. బాడీ బాగుంటే, బేరింగ్ మార్చి వేసిన వాడిన ఇంజిన్ వైపు చూస్తాను. అదే తరం 911లో బోర్ గీతలు పడితే, కారు ఉంచుకునే ఉద్దేశం ఉంటే స్లీవులతో పూర్తి రీబిల్డ్. వీ8 ఎం3లో రాడ్ చప్పుడు మొదలైతే ముందు ఆయిల్ పాన్ తీయించి చూస్తాను, క్రాంక్ బాగుంటే అక్కడితో ఆపుతాను. ఆర్‌ఎక్స్-8కి వాడిన ఇంజిన్ అసలు తీసుకోను, రోటరీ తెలిసిన చేతితో కొత్త సీల్స్ వేసి చేసిన రీబిల్డే. దానితో పాటు ఇగ్నిషన్ కాయిల్స్ కూడా మారుస్తాను, బలహీనమైన కాయిల్స్‌తో కాలని పెట్రోలు సీల్స్ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. తప్పు గేరుతో వాల్వులు వంగిన ఎస్2000కి మంచి చరిత్ర ఉన్న వాడిన ఇంజిన్ చాలు.

ఏ దారి అయినా ఇంజిన్ కూర్చున్నాక తొందరపడొద్దు. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఇగ్నిషన్ లేకుండా తిప్పించండి, ఒక మెకానికల్ గేజ్ పెట్టించి చూడండి. కొత్త రింగులు వేసిన ఇంజిన్‌ని ఎక్కువసేపు ఐడిల్‌లో వదలకూడదు. రింగులు బోర్‌కి ఒత్తుకుని కూర్చోవాలంటే లోడ్ కావాలి, కాబట్టి మధ్యస్థ వేగంలో గేరు మారుస్తూ, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ, వదులుతూ నడపాలి. ఒకే వేగంతో హైవే మీద గంటల తరబడి పోవద్దు. బిల్డర్ చెప్పిన బ్రేక్-ఇన్ ఆయిల్‌నే వాడి, అతను చెప్పిన మొదటి దూరానికే దించేయండి. ఆ మొదటి ఫిల్టర్‌ని కూడా కోసి చూడమని అడగండి. కొద్దిగా సన్నటి పొడి ఉండటం సహజం, గోరుకి తగిలే రేకులుంటే బండి అక్కడే ఆపి బిల్డర్‌కి ఫోన్ చేయాలి. ఇంజిన్ నంబరు మారితే చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ కాగితాల్లో మార్పించుకోవాలి, ఆ పని మొదటి వారంలోనే ముగించి, కొలతల కాగితం, రసీదులు, పాత ఇంజిన్ ఫొటోలు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి కారుతో పాటే ఉంచండి.